అడవి అంచున వినిపించాల్సిన గొంతులు

తెలుగువాళ్లకు లైవ్ ఆడియో రుచి చూపిన ఊళ్లలో భద్రాచలానిది పెద్దపీట. శ్రీరామనవమి నాడు అభిజిత్ లగ్నానికి సీతారాముల కల్యాణం జరుగుతుంటే, అక్కడికి వెళ్లలేని వాళ్లంతా ఇళ్లలో రేడియో ముందు కూర్చునేవారు. ఉషశ్రీగా పేరుపడ్డ పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు ఆకాశవాణిలో చెప్పిన వ్యాఖ్యానమే ఒక తరానికి కల్యాణ దర్శనం. మంత్రానికి, మంత్రానికి మధ్య దొరికే ఆ కాస్త వ్యవధిలో క్రతువు ఎంతవరకు వచ్చిందో, దాని వెనకున్న అర్థమేమిటో చెప్పి, కంటికి అందని దాన్ని మాటతో అందించేవారు. 1990లో ఆయన కన్నుమూశారు. ఆయన వేసిన ఒరవడి మాత్రం ఇప్పటికీ తెలుగు వ్యాఖ్యాతలకు కొలబద్దగానే ఉంది.

అంత గొప్ప ప్రసారంలోనూ వినేవాళ్లకు నోరు లేదు. మైకు ఒక్కటే, అది మండపంలో ఉండేది. గోదావరి అవతలి ఒడ్డున రేడియో వింటున్న కోయ రైతుకు ఏదైనా అడగాలనిపించినా, చెప్పాలనిపించినా దారి లేదు. ఇప్పుడు ఆ రైతు చేతిలో ఫోన్ ఉంది. ఫోన్‌లో వాట్సాప్ గ్రూపు, ఆ గ్రూపులో వాయిస్ చాట్ ఉన్నాయి. ఎక్స్‌లో స్పేస్‌లు, టెలిగ్రామ్‌లో లైవ్ సభలు నడుస్తున్నాయి. ఊరి వాళ్లు, ఊరు వదిలి హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్నవాళ్లు, ఒకే వృత్తిలోనో ఒకే పోరాటంలోనో ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో ఒక సమూహంగా ఏర్పడి, వారానికోసారి గొంతులతో కూడుకోవడం మామూలైపోయింది. ఖమ్మం, భద్రాచలం అడవి సరిహద్దుల్లో ఇలాంటి సభ నడపాలంటే నిజంగా కావలసినవేమిటి? రేడియో కాలం నుంచి యాప్‌ల కాలం దాకా జరిగిన ప్రయత్నాలు ఏం నేర్పాయి? ఈ వ్యాసం ఆ లెక్క చూస్తుంది.

ముందు నేల సంగతి. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, దాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రకు పోయింది. చర్ల దాటి అడవిలోకి వెళితే ఛత్తీస్‌గఢ్, చింతూరు దాటి పోతే ఒడిశా మల్కన్‌గిరి. 2016 అక్టోబరులో ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం విడిపోయింది. ఇన్ని గీతలు గీసినా చుట్టరికాలు తెగలేదు. కూతురు తెలంగాణలో, మేనమామ ఆంధ్రలో, పాత ఊరు ఛత్తీస్‌గఢ్ సుక్మాలో ఉన్న కుటుంబాలు ఇక్కడ కొత్తేమీ కాదు. మిరప కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు ఖమ్మం చేలకు దిగుతారు. ఇక్కడ తెలుగు, కోయ, గోండి, హల్బీ, హిందీ వినిపిస్తాయి. 2011 జనగణనలో కోయను మాతృభాషగా చెప్పుకున్నవారు నాలుగు లక్షల పైచిలుకు. రాసే అలవాటు తక్కువై, చెప్పుకునే అలవాటు ఎక్కువైన భాష అది. రాష్ట్రాల సరిహద్దులను లెక్కచేయకుండా ఇన్ని గొంతులను ఒకచోట చేర్చగలిగేది ఆడియో ఒక్కటే. అందుకే ఈ ప్రాంతానికి దీని అవసరం నగరాలకంటే ఎక్కువని నా నమ్మకం.

వినేవాళ్లకు నోరిచ్చే మొదటి ప్రయత్నం కూడా రేడియోలోనే జరిగింది. ఫోన్-ఇన్ వచ్చాక డాక్టరుకో వ్యవసాయ శాస్త్రవేత్తకో నేరుగా ప్రశ్న వేసే వీలు దొరికింది. చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన ‘డయల్ యువర్ సీఎం’ ఆ పద్ధతిని పాలనలోకి తెచ్చింది. తర్వాత తిరుమలలో ‘డయల్ యువర్ ఈవో’, ఆర్టీసీ డిపోల్లో ‘డయల్ యువర్ డీఎం’ వచ్చాయి. ఇందులో ఒక తేడాను పట్టుకోవాలి. డిపో మేనేజర్‌కు ఫోన్ చేసిన ప్రయాణికుడి మాట ఆయన ఒక్కడికే వినబడుతుంది, అది ఫిర్యాదుల కౌంటరు. ఈవోకు వచ్చిన ఫోన్ మాత్రం టీవీలో అందరికీ వినబడుతుంది. పక్కవాడు అడిగిన ప్రశ్న విని, తనదీ అదే బాధ అని వెయ్యిమందికి తెలిసినప్పుడే అది సభ అవుతుంది. ఈ చిన్న తేడాను మరిచిన కార్యక్రమాలు పేరుకే లైవ్.

ఫోన్-ఇన్‌ నడిపినవాళ్లందరికీ తెలిసిన ఇబ్బంది ఒకటుంది. లైన్ కలిసిన శ్రోత ముందు రెండుసార్లు “హలో” అంటాడు. తన ఇంట్లో రేడియోలో తన హలోనే వినబడేసరికి తడబడి ఆగిపోతాడు. స్టూడియోలో ఉన్నవాళ్లు “ముందు మీ రేడియో సౌండ్ తగ్గించండి” అంటారు. అవతల ఎవరో లేచి వెళ్లి రేడియో ఆపుతున్న చప్పుడు, పిల్లల అరుపులు వినిపిస్తాయి, ఆ తర్వాతే అసలు ప్రశ్న వస్తుంది. ఈ పావు నిమిషాన్ని ఓపిగ్గా దాటించిన యాంకర్ దగ్గరికి జనం మళ్లీ ఫోన్ చేస్తారు. “సమయం లేదు, త్వరగా అడగండి” అన్న యాంకర్ దగ్గరికి చదువుకున్నవాళ్లే చేస్తారు. ఇవాళ్టి స్పేస్‌లోనూ ఇదే జరుగుతోంది. మైకు ఆన్ చేయడం తెలియక కంగారుపడే మనిషికి ఇచ్చే ఆ కొద్ది సెకన్లను బట్టే ఆ సభ ఎవరిదో తేలిపోతుంది.

గాలిలో మాట పంపే హక్కు ఎవరిదన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గగన తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో కోర్టు తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ జీవన్‌రెడ్డి ఉన్నారు. తీర్పు వచ్చినంత మాత్రాన తరంగాలు జనం చేతికి రాలేదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో ‘మన రేడియో’ మొదలుపెడితే, లైసెన్సు లేదంటూ 2003లో దాన్ని మూయించారు. స్వచ్ఛంద సంస్థలు కూడా కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చని కేంద్రం ఒప్పుకున్నది 2006లో. ఆ తర్వాత 2008 అక్టోబరులో జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు సంఘం రేడియోను గాలిలోకి పంపారు. విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి, పండుగల గురించి తమ యాసలో తామే మాట్లాడుకున్నారు. దక్కనీ తెలుగు మాటకు మైకు ముందు సిగ్గుపడనక్కర్లేదని ఆ స్టేషన్ రుజువు చేసింది. కోయకు అలాంటి రుజువు ఇంకా కావాలి.

కమ్యూనిటీ రేడియోకు హద్దులున్నాయి. ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లు దాటకూడదు కాబట్టి పది, పదిహేను కిలోమీటర్లు పోతే శబ్దం పలచబడుతుంది. కొండలు అడ్డొస్తే అదీ లేదు. సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలనే తిరిగి వినిపించాలి. గుట్టలు, వాగులు, దూరదూరంగా గుంపులు ఉన్న ఈ అడవికి ఒక్క చిన్న స్టేషన్ సరిపోదు. మీడియం వేవ్ కొండలు దాటుతుంది. హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ ఇక్కడి పాత శ్రోతలకు కంఠతా వచ్చిన అంకెలు. కానీ వాటి కార్యక్రమాలు నగరాల్లో తయారవుతాయి. కొత్తగూడెంలో ఆకాశవాణి ఎఫ్ఎం కేంద్రం ఉంది. ఈ నేలకు దగ్గరి గొంతు అదే. దాని సంగతి చివర్లో చెబుతాను.

రేడియో తెరవలేని తలుపును 2010లో ఫోన్ తెరిచింది. బీబీసీలో పనిచేసి వచ్చిన శుభ్రాంశు చౌధురి, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా సాయంతో ఛత్తీస్‌గఢ్ అడవుల కోసం సీజీనెట్ స్వర మొదలుపెట్టారు. ఒక నంబరుకు ఫోన్ చేసి తన మాట రికార్డు చేస్తే, బాధ్యులు విని, సరిచూసి విడుదల చేస్తారు. మిగతావాళ్లు అదే నంబరుకు ఫోన్ చేసి వింటారు. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ వచ్చే పద్ధతి కావడంతో పేదవాడికి ఖర్చు పడదు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. కూలి డబ్బులు రాలేదని, చేతిపంపు పాడైందని జనం చెప్పుకున్నారు. విన్నవాళ్లు సంబంధిత అధికారికి ఫోన్లు చేశారు, కొన్ని పనులు జరిగాయి. 2014లో ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ అవార్డు దానికి వచ్చింది. ఆ బృందమే తర్వాత ‘బుల్టూ రేడియో’ నడిపింది. నెట్ లేని ఊళ్లకు రికార్డింగులను బ్లూటూత్ ద్వారా ఫోన్ నుంచి ఫోన్‌కు పంచే పద్ధతి అది. వారపు సంతకు వచ్చినవాడు ఉప్పుతో పాటు గంట కార్యక్రమం కూడా ఇంటికి పట్టుకెళ్లగలడు.

సీజీనెట్ స్వర లైవ్ కాదు. అయినా లైవ్ సభలు నడిపేవాళ్లకు అంతకు మించిన పాఠం నాకు ఎక్కడా కనబడలేదు. ఎందుకో తెలియాలంటే యాప్‌ల చరిత్ర చూడాలి. 2020లో గొంతులతోనే కూడుకునే యాప్ క్లబ్‌హౌస్ వచ్చింది. 2021 మేలో ఆండ్రాయిడ్‌కు రాగానే మన దేశంలో గదులు నిండిపోయాయి. ట్విటర్ స్పేస్‌లు, టెలిగ్రామ్ వాయిస్ చాట్‌లు, ఫేస్‌బుక్ ఆడియో రూములు, రెడిట్ టాక్, స్పాటిఫై గ్రీన్‌రూమ్ అన్నీ దాదాపు ఏడాదిలోపే పుట్టుకొచ్చాయి. లాక్‌డౌన్ ముగిసి జనం ఇల్లు కదిలేసరికి వాటిలో చాలా ఒక్కొక్కటే రాలిపోయాయి. రెడిట్ టాక్, స్పాటిఫై లైవ్‌గా పేరు మారిన గ్రీన్‌రూమ్ 2023 వసంతంలో మూతపడ్డాయి. అదే ఏడాది క్లబ్‌హౌస్ కూడా తన పద్ధతి మార్చుకుని, రికార్డు చేసి పంపుకునే వాయిస్ సందేశాల వైపు తిరిగింది. అంటే బస్తర్‌ అడవుల్లో మామూలు ఫోన్ల మీద 2010లో మొదలైన చోటికి కాలిఫోర్నియా కంపెనీ పదమూడేళ్ల తర్వాత చేరుకుంది. మనుషులందరికీ ఒకే గంటలో తీరిక దొరకదన్నది రెండు చోట్లా ఒకటే నిజం.

ఆ రాలిపోయిన వాటి మధ్య తెలుగువాళ్ల సభలు నిలబడ్డాయి. డాలస్‌లో ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం టాంటెక్స్ నడిపే ‘నెలనెలా తెలుగు వెన్నెల’ కోవిడ్ కాలంలో అంతర్జాలానికి మారింది. అమెరికాలోని మరికొన్ని సాహిత్య వేదికలూ ఆ బాటే పట్టాయి. నెలలో ఒక నిర్ణీత రోజు, తెలిసిన ముఖాలు, ముందే చెప్పిన అంశం ఉండడం వాటి బలం. యాప్ ఏదైనా జనం వచ్చారు. తీరా చూస్తే సమూహం ముందు ఉండి, యాప్ తర్వాత వచ్చిన చోటే సభ బతికింది. యాప్ ముందు వచ్చి జనాన్ని వెతుక్కున్న చోట ఆరిపోయింది.

ఇక సాంకేతికం. దీనిలో చాలామంది అనవసరంగా భయపడతారు, భయపడాల్సిన చోట పడరు. లైవ్ ఆడియోకు డేటా పెద్దగా అక్కర్లేదు. ఇప్పటి యాప్‌లలో ఎక్కువగా వాడే ఓపస్ కోడెక్ సెకనుకు 24 కిలోబిట్ల దగ్గర మాటను స్పష్టంగా వినిపిస్తుంది. అలా గంటసేపు విన్నా 11 ఎంబీ దాటదు. ఓ మోస్తరు వీడియో గంటకు 225 ఎంబీ పైనే తింటుంది. అందుకే అడవిలో వీడియో సభ పెట్టినవాళ్లు సగం మందిని బయటే వదిలేసినట్టు. అసలు సమస్య ఆలస్యం. ఇద్దరు మనుషులు మాటకు మాట అందుకోవాలంటే శబ్దం 150 మిల్లీసెకన్లలోపు చేరాలని అంతర్జాతీయ టెలికాం యూనియన్ సిఫారసు. 400 దాటితే ఒకరి మాట మీద ఒకరు పడతారు. యూట్యూబ్ లాంటి లైవ్ ప్రసారంలో ఆలస్యం సెకన్లలో ఉంటుంది. వినడానికి అది చాలు, మాట్లాడడానికి పనికిరాదు. సిగ్నల్ ఒక్క గీతే ఉన్న గుట్ట మీద డేటా కాల్ తెగిపోతున్నప్పుడు కూడా మామూలు వాయిస్ కాల్ చాలాసార్లు నిలబడుతుంది. కాబట్టి మాట్లాడేవాళ్లు మామూలు ఫోన్ కాల్‌తో లోపలికి రావాలి, వినేవాళ్లకు రేడియో, యాప్, యూట్యూబ్ ఏదైనా సరే. ఈ ప్రాంతానికి సరైన కూర్పు ఇదేనని నా అభిప్రాయం.

టవర్ల పరిస్థితి మెరుగవుతోంది. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 చోట్ల 2జీ టవర్లను 4జీకి మార్చడానికి 2022లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది, పని బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. కానీ టవర్ రావడం వేరు, ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నది వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు తెలంగాణలో నాలుగోవంతుకు కాస్త పైన, ఆంధ్రప్రదేశ్‌లో ఐదోవంతు. గూడేల్లో ఇంతకంటే తక్కువే ఉంటారనుకోవడానికి లెక్కలు చదవక్కర్లేదు. రాత్రి తొమ్మిదింటికి యాప్‌లో సభ పెడితే ఇంటి ఫోన్ కొడుకు దగ్గర ఉంటుంది, తల్లి పొయ్యి దగ్గర ఉంటుంది. తునికాకు కాలంలో తెల్లారకముందే అడవిలోకి పోయి, పొద్దెక్కాక వచ్చి కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి చేర్చే మనిషికి ఏ గంట వీలవుతుందో ఆ మనిషినే అడగాలి. మిరప చేలల్లో పనికొచ్చినవాళ్లకు సాయంత్రం వంట అయ్యాక దొరికే తీరికే తీరిక. సభ వేళ నిర్ణయించడం చిన్న పనిలా కనబడుతుంది గానీ, ఎవరు రావాలో ఎవరు రాకూడదో అక్కడే నిర్ణయమైపోతుంది.

సభ నడిపే మనిషి గురించి మన దగ్గర ఉన్నంత తెలివిడి ఏ యాప్ సహాయ పుటలోనూ లేదు. బుర్రకథలో కథకుడు ఒక్కడే ఉండడు. ఇటు రాజకీయ వంత, అటు హాస్య వంత. ఒకరు ఇవాళ్టి సంగతిని కథలోకి లాగుతారు, మరొకరు బరువెక్కిన చోట తేలిక చేస్తారు. జనం అడగదలచుకున్న ప్రశ్నను వంతవాళ్లే అడుగుతారు. లైవ్ ఆడియోకు కావలసిన కూర్పు అచ్చంగా ఇదే. మాట్లాడే అతిథి ఒకరు, శ్రోతల తరఫున గట్టిగా అడిగేవారు ఒకరు, లైన్లు చూస్తూ కొత్తవాళ్ల బెరుకు తీర్చేవారు ఒకరు. ముగ్గురి పనీ ఒక్కరే నెత్తినేసుకున్న స్పేస్‌లలో మొదటి అరగంట గడిచేసరికి అదే నలుగురి గొంతులు తిరుగుతుంటాయి.

ఇక్కడ ఆ ముగ్గురిలో ఒకరికి కోయ రావాలి. వచ్చీరాని కోయ కాదు, ఇంట్లో మాట్లాడుకునే కోయ. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారక్కల కథను కోయలోనూ తెలుగులోనూ చెప్పగలిగినవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన వెళ్లిపోయారు. రాసి ఉంచని చరిత్రను గొంతులో మోసిన మనిషి ఆయన. అలాంటి కథకులు ఉండగానే వాళ్లను లైవ్‌లో కూర్చోబెట్టి, పిల్లల చేత ప్రశ్నలు అడిగించి, ఆ సంభాషణ అంతా భద్రపరచాలి. స్టూడియోలో ఒంటరిగా రికార్డు చేసిన కథలో ‘అది ఎందుకలా జరిగింది తాతా’ అని అడిగే గొంతు ఉండదు. ఎదురుగా అడిగేవాళ్లు ఉంటేనే కథకుడికి మరో కథ గుర్తొస్తుంది.

భద్రత విషయంలో మాత్రం ఉపేక్ష పనికిరాదు. వాట్సాప్ 2023 నవంబరులో పెద్ద గ్రూపులకు, 2025లో అన్ని గ్రూపులకు వాయిస్ చాట్ ఇచ్చింది. వాడడం సులువే, కానీ గ్రూపులో ఉన్న ప్రతివాడికీ మిగతావాళ్ల నంబరు కనబడుతుంది. సరిహద్దు గూడెం నుంచి పోడు పట్టా గురించో, ఎవరో అడిగిన లంచం గురించో మాట్లాడిన మహిళ నంబరు అపరిచితుల చేతుల్లో పడితే ఆమె మళ్లీ నోరు విప్పదు. పోలీసులు, అడవిలో ఉన్న మావోయిస్టులు ఇద్దరూ అనుమానంగా చూసిన ఊళ్లలో మాటకు ప్రమాదం ఉందని ఎవరూ నేర్పక్కర్లేదు. రికార్డు చేస్తున్నామని ముందే, వాళ్ల భాషలోనే చెప్పాలి. పేరు, ఊరు చెప్పకపోయినా మాట్లాడనివ్వాలి. ఎవరైనా తర్వాత తీసేయమంటే తీసేయాలి. ఆరోపణ వచ్చినప్పుడు దాన్ని లైవ్‌లోనే తీర్పుగా మార్చకుండా, రాసుకుని సంబంధిత అధికారి జవాబు తెప్పించడం యాంకర్ బాధ్యత. సీజీనెట్ స్వర ప్రతి మాటా విన్నాకే విడుదల చేసిందంటే కారణం ఇదే.

అలాంటప్పుడు లైవ్ ఎందుకు? అన్నీ రికార్డు చేసి పంచుకోవచ్చు కదా అంటే, చాలా వాటికి నిజంగానే చాలు. పాటలు, కథలు, పాఠాలు రికార్డింగుగా సంతలో పంచుకున్నా నష్టం లేదు. అధికారి ముఖాముఖి కూర్చున్నప్పుడు మాత్రం లైవే కావాలి. 2023 జూన్ నెలాఖరులో తెలంగాణ ప్రభుత్వం పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. దరఖాస్తు చేసినా పట్టా రానివాడు ఎందుకు రాలేదని అడిగి, ఆ జవాబు మీద మళ్లీ అడగగలిగేది లైవ్‌లోనే. రికార్డు చేసిన ప్రశ్నకు రికార్డు చేసిన జవాబు వస్తుంది, రెండో ప్రశ్నకు చోటుండదు.

అన్నిటికంటే ముఖ్యం గోదావరి. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కు మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. ఆ జులైలో విలీన మండలాల్లో కరెంటు పోయి, సెల్ సిగ్నళ్లు దెబ్బతిని, ఏ ఊరి పరిస్థితి ఏమిటో బయటివాళ్లకు అందడం కష్టమైంది. వాట్సాప్‌లో పాత వీడియోలు కొత్తవిగా తిరగడం ఏ వరదలోనైనా జరిగేదే. వరద వేళ మనిషికి కావలసింది గంటగంటకూ ఒక నమ్మకమైన గొంతు. ఎంత పెరిగింది, ఏ వాగు పొంగింది, ఏ రోడ్డు తెగింది, పడవ ఎటు వస్తోంది. ఆ మాట తెలుగులో ఒకసారి, కోయలో ఒకసారి చెప్పాలి. తెలంగాణ అధికారి, ఆంధ్ర అధికారి ఒకే లైన్‌లో ఉండాలి, ఎందుకంటే నీళ్లు భద్రాచలం దాటి కూనవరం వెళ్లేటప్పుడు రాష్ట్రం మారినట్టు వాటికి తెలియదు. టవర్ పడిపోయినా బ్యాటరీ రేడియో పలుకుతుంది. ఇంటర్నెట్ ఉన్న చోట అదే ప్రసారం యాప్‌లోనూ వస్తుంది, హైదరాబాద్‌లో చదువుకుంటున్న కొడుకు విని ఇంటికి ఫోన్ చేసే ప్రయత్నం చేస్తాడు.

దీనికి కొత్త యాప్ కనిపెట్టనక్కర్లేదు, కోట్లు ఖర్చు పెట్టనక్కర్లేదు. కొత్తగూడెం ఆకాశవాణికి ట్రాన్స్‌మిటర్ ఉంది, భద్రాచలంలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు గూడేలతో సంబంధాలున్నాయి. చదువుకుని ఉద్యోగం కోసం చూస్తున్న కోయ యువతీయువకులు ప్రతి మండలంలో ఉన్నారు. వారానికి ఒక గంట, తెలుగు-కోయ భాషల్లో, మామూలు ఫోన్‌తో ఎవరైనా మాట్లాడగలిగే లైవ్ కార్యక్రమం ఒకటి నిలకడగా మొదలుపెడితే చాలు. మామూలు రోజుల్లో అలవాటైన గొంతునే జనం వరద రోజున నమ్ముతారు. ఆకాశవాణి, ఐటీడీఏ, రెండు రాష్ట్రాల జిల్లా కలెక్టర్లు కలిసి కూర్చుని వచ్చే వానాకాలం లోపే ఈ పని మొదలుపెట్టాలి. ఈ ప్రాంతం నుంచి వెళ్లి ఎక్కడెక్కడో స్థిరపడి, ఊరి గ్రూపులు నడుపుతున్న మిత్రులు కూడా తమ గ్రూపులో ఒక కోయ గొంతుకు మైకు ఇచ్చి చూడాలని కోరుతున్నాను.